వదినె బండి గీసిన గిరి

“లచ్చవ్వా, మన వాడకట్టు ఆడోళ్ళు గీర తిరిగేదాక ఆగుతరా?”

“అడిగి చూస్త వదినె.”

“ఆగుతమంటె కబురు పెట్టు, అస్త. లేదంటె పండుగకు మాత్రం రాను. పండుగ పోయినంక చుట్టమోలె అచ్చి నాల్గొద్దులు ఉండి పోత.”

సిరిసిల్లలో మా బిడ్డ పద్మ ఇంటి ముందు నేను ఆటో ఎక్కుతుండగా మేమిద్దరం ఆఖరున అనుకున్న మాటలు ఇవి. వదినె అక్కడే ఉండిపోయింది. నేను ఒక్కదాన్నే జగిత్యాలకు తిరిగొచ్చాను. వచ్చి వారం దాటింది. వాడకట్టులో కనబడ్డ ప్రతి ఒక్కరూ “నర్సవ్వ ఏది?” అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పడం కంటే మొత్తం ఒకేసారి రాయించడం నయమనిపించింది.

రాస్తున్నది మా కోడలు సుజాత. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. నేను చెప్పేదాన్ని సుజాత పుస్తకం మాటలుగా మార్చుకుంటోంది, మార్చుకోనీ. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నట్టే పెట్టమన్నాను.

నర్సవ్వ మా ఆయనకు అక్క. మూడేళ్ళ వయసులో పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. పెళ్ళి కాలేదు. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది. కొడుకూ కోడలూ పనికి పోతే, మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టుకుంటాం. నాకు పాట వచ్చు గానీ పొగాకు దుమ్ముకు గొంతు గరగరలాడుతుంది. ఆమె గొంతు ఇప్పటికీ గంటలా ఉంటుంది గానీ ఆమెకు పాట రాదు. ఇచ్చేటప్పుడు దేవుడు చీటీలు తారుమారు చేశాడని నవ్వుతుంది.

ఆమెకు సర్కారు ఇచ్చిన మూడు చక్రాల బండి ఉంది. చక్రాన్ని మేం గీర అంటాం. కుడిచేత్తో పెడలు తిప్పితే బండి నడుస్తుంది, ఎడమచేత్తో హ్యాండిలు పట్టి మలపాలి. మా తిప్పలన్నీ ఆ రెండు చేతుల దగ్గరే ఉన్నాయి.

జగిత్యాల: జనరేటరు పక్కన

తెలంగాణ కోసం అందరూ పనులు బందు పెట్టుకున్న ఏడు ఇది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. బతుకమ్మను ఎవరి వాకిట్లో వాళ్ళు కాకుండా మైదానంలో అందరం కలిసి ఆడాలన్నారు. మాకు ఐదో రోజు ఆట పడింది.

మా వాడకట్టులో బతుకమ్మలు పేర్చేది వదినె. తంగేడు ఎంత మందాన పరవాలి, గునుగుకు ఏ రంగు అద్దాలి, బంతి ఎన్నో వరుసలో రావాలి, అన్నీ ఆమె చేతికి తెలుసు. ఆ పొద్దు ఆరు ఇళ్ళ బతుకమ్మలు పేర్చి ఇచ్చింది. యాభై దాటిన మనిషి, పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి కూడా ఆ బతుకమ్మల చుట్టూ తిరగలేదు. గడపలో కూర్చుని చూసేది. ఈసారి మైదానం చదునుగా ఉంది, బండి పోతుంది, నేనూ ఆడతానంది. పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది.

మైదానంలో కమిటీ ఆడవాళ్ళు మమ్మల్ని చూడగానే ఎదురొచ్చారు. మంచివాళ్ళు, వంక పెట్టడానికి లేదు. స్టేజీ పక్కన తాడు కట్టి, ‘వికలాంగులకు ప్రత్యేకం’ అని బ్యానరు వేలాడదీసి, కుర్చీలు వేసి ఉంచారు. వదినెను తాడు లోపలికి తీసుకెళ్ళారు. అక్కడ చూపులేని అక్కాచెల్లెళ్ళు ఇద్దరు, చంకకర్రల మీద నడిచే ఒక పెద్దమనిషి ఉన్నారు. వాళ్ళ వెనకాలే జనరేటరు.

నీళ్ళ పాకెట్టు ఇచ్చిన ఆమెతో వదినె అంది, “పొగ మాకు, పాట మీకా?”

“గట్లంటవేంది అత్తమ్మా. మీరు తొక్కిసలాటల పడద్దనే గద.”

“నాకు కావాల్సింది గా తొక్కిసలాటనే బిడ్డ.”

ఆమె నవ్వి పులిహోర పొట్లం ఇంకోటి ఇచ్చింది. పేపరు ఫోటో ఆయన వచ్చి వదినె చేతిలో జెండా పెట్టి, కొంచెం పైకి పట్టమని ఫోటో తీసుకున్నాడు. తెల్లారి పేపర్లో వచ్చింది. వికలాంగులు కూడా ఉత్సాహంగా ఆడారని రాశారని సుజాత చదివింది.

“ఫోటోల ఉన్న, ఆటల లేను” అంది వదినె. కాసేపటికి బీడీల చాటను పక్కకు జరిపి, “లచ్చవ్వా, ఇగ నేను పూలు ముట్ట. పేర్చిందాంక సాలు” అంది.

కోపంగా అనలేదు, కిరాణం సామాను చెప్పినట్టు అంది. నాకు అందుకే భయమేసింది. ఆ మనిషికి ఏడాదిలో తొమ్మిది రోజులే పండుగ, ఆ పూలే పండుగ. వాటిని వదిలితే ఇంకేం పట్టుకుని ఉంటుంది?

“కోరుట్లకు పోదాం పా, నీ చెల్లె కాడికి. ఆన్నుంచి సిరిసిల్ల, పద్మ కాడికి. ఏడనో ఓ తాన నిన్ను ఆడిపిస్త. ఆడిపియ్యకపోతె పూలు ముట్టకు, నేనడగ” అన్నాను.

“పందెమా?”

“పందెమే.”

అలిగిన రోజు: పూల బండిలో

ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది. అలిగిన బతుకమ్మ అంటాం, ఆ రోజు పేర్చరు, ఆడరు. పోవడానికి మాకు మంచి రోజు. “ఆమె అలిగితె ఊరంతా ఇంట్ల కూసుంటరు. నేనలిగితె నువ్వు ఊర్లు తిప్పుతున్నవ్” అంది వదినె.

బస్సుల్లేక కోరుట్లకు పూలు తీసుకుపోయే ట్రాలీ ఆటో పట్టుకున్నాం. నడిపేది ఖాజా అనే ఆయన. మూడు చక్రాల బండిని తాళ్ళతో వెనక కట్టి, మమ్మల్ని తంగేడు మోపుల మధ్య కూర్చోబెట్టాడు. మనిషికి ముప్పై రూపాయలన్నాడు, బస్సుకు దాదాపు రెండింతలు. బండికెంత అని అడిగితే “బండి కాడ బండి కిరాయి తీసుకుంటదా అమ్మా?” అన్నాడు.

ఊరు దాటగానే మోపుల్లోంచి చీమలు లేచాయి. నేను లేచి చీర దులుపుకుంటూ ఎగురుతున్నాను. “నన్ను గూడ కుడుతున్నయే. నువ్వొక్కదానివి ఎగిరితె అయితదా, ఇటు దులుపు” అని వదినె అరిచింది. ఇద్దరికీ దులిపేసరికి కొంత పువ్వు రోడ్డు పాలయింది. ఖాజా అద్దంలో చూసి బండి ఆపాడు. తిడతాడనుకున్నాను. ఒక గోనెసంచి తెచ్చి మా కింద పరిచాడు.

చాయ్ హోటలు దగ్గర ఆగినప్పుడు ఎక్కడికి, ఎందుకు అని అడిగాడు. వదినె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“మా అమ్మీ గూడ గిట్లనే ఉండె. షాదీలకు తీస్కపోతె ఓ మూలకు కుర్సి ఏసి కూసుండబెడుతుండిరి. బిర్యానీ అందరికంటె ముందుగాల ఆమెకే పెట్టెటోళ్ళు. ముచ్చట మాత్రం ఆమెతోని ఎవ్వరు పెట్టకపోదురు.”

“మరి నువ్వేం జేసినవ్?” అని వదినె అడిగింది.

“నేను గూడ బిర్యానీనే పెట్టిన అమ్మా. అప్పుడు తెల్వలే.”

ఎల్లుండి వేములవాడ గుడికి పూల లోడు ఉంది, సిరిసిల్ల దాకా నేనే దింపుతానని చెప్పి మమ్మల్ని కోరుట్లలో దించాడు.

కోరుట్ల: సాంపి చల్లిన వాకిలి

వదినె చెల్లెలు సత్తవ్వది కోరుట్ల. ఆమె ఇంట్లో తిండి గురించి చెప్పకుండా ఉండలేను. లేత మక్కజొన్న కంకుల గింజలు రుబ్బి, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి గారెలు చేసింది. బయట కరకర, లోపల పాల తీపి. మా దగ్గరా చేస్తాం గానీ మేం ఉల్లిగడ్డ వేస్తాం, ఆమె వేయదు. వేయకపోవడమే బాగుంది. ఇక ఆఖరి రోజు సద్దుల అన్నంలో మేం నువ్వుల పొడి కలిపితే వాళ్ళు పల్లీల పొడి కలుపుతారు.

ఏడో రోజు సాయంత్రం ఆట. అక్క వస్తోందని సత్తవ్వ ముందే వాడంతా చెప్పింది. పండుగకు ఇంత పెద్దక్క వస్తే ఉత్త నేల మీద ఎట్లా ఆడిస్తామని, పేడనీళ్ళ సాంపి ఒకటికి మూడుసార్లు చల్లారు. ముగ్గులు వేశారు. తీరా ఆట మొదలయ్యే ముందు వదినెను బండి మీంచి దించి, నడిమధ్యలో బతుకమ్మల పక్కనే కుర్చీలో కూర్చోబెట్టారు. వాళ్ళ లెక్కలో అంతకంటే పెద్ద మర్యాద లేదు. చూపు సరిగా ఆనని ఒక ముసలమ్మ వచ్చి, బతుకమ్మలకు మొక్కి, ఆ చేత్తోనే వదినె కాళ్ళ దగ్గర కూడా ఒక బంతిపువ్వు పెట్టి మొక్కింది.

వదినె ఆ పువ్వు తీసి ముసలమ్మ కొప్పులో పెట్టింది. “అమ్మా, నేను గౌరమ్మను గాదు, సత్తవ్వ అక్కను. ఆటయినంక నన్ను గూడ చెర్ల ఇడుస్తరా ఏంది?”

అందరూ నవ్వారు. ఆమె ఆ నవ్వులోనే మాట అందుకుంది. “నేను నడుమల కూసునేటందుకు రాలే. మీతోని తిరిగేటందుకు అచ్చిన.”

సరేనన్నారు. మళ్ళీ బండి ఎక్కించి వరుసలో చోటిచ్చారు. మైకులో పాట పెట్టారు. నాలుగు అడుగులు పోయిందో లేదో, మర్యాద కోసం చల్లిన సాంపిలో ముందుచక్రం జారింది, వెనుకచక్రాలు కూరుకుపోయాయి. నలుగురం లేపి పొడి నేల మీద పెట్టాం. అక్కడ బండి నడిచింది. నడిస్తే ఇంకో తంటా. మైకులో పాట ఉరుకుతోంది, ఆడవాళ్ళు దానితో పాటు ఉరుకుతున్నారు, వదినె అందుకోవాలని గబగబా తిప్పింది. కాళ్ళు పెట్టుకునే రేకు వెళ్ళి ముందామె మడమకు తగిలింది. ఆమె కుంటుతూ పక్కకు పోయింది. వరుస తెగింది.

“ఏం గాదక్కా, ఆగి సప్పట్లు కొట్టు” అంది సత్తవ్వ.

“కొడితె బండి నడువది. నడిపితె సప్పట్లు కొట్టరాదు. నాకున్నయి రెండే చేతులు గదనే.”

“నేను ఎనుకనుంచి నూకుత.”

“నూకితె బువ్వగంప పోయినట్టు పోవుడే. ఆడినట్టు గాదు.”

అంతే, బండిని పక్కకు తీసుకుంది. మిగతా ఆటంతా సత్తవ్వ అరుగు దగ్గరే కూర్చుని చూసింది. మడమకు తగిలిన ఆమెను పిలిచి, పసుపు తెప్పించి తనే రాసింది. నేను ఆ పక్కన కూర్చున్నాను. తెల్లారి పొద్దున సత్తవ్వ పూలబుట్ట ముందు పెడితే, “నువ్వు పేర్చు చెల్లె” అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

రుద్రంగి దాటాక: నడిరోడ్డు

ఎనిమిదో రోజు ఖాజా మాట మీద వచ్చాడు. కథలాపూర్, రుద్రంగి మీదుగా పోతున్నాం. రుద్రంగి దాటి కొంత దూరం పోయామో లేదో రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు, వాటి వెనక పొయ్యిలు, గిన్నెలు. ఊళ్ళోవాళ్ళంతా రోడ్డెక్కి వంటావార్పు చేస్తున్నారు. అంటే అక్కడే వండి, అక్కడే తిని, ఆ రోజుకు రోడ్డును కదలనివ్వరు. సాయంత్రం నాలుగు దాకా బండి పోదన్నారు. పూలు వాడిపోతాయని ఖాజా నెత్తి పట్టుకున్నాడు. ఆడవాళ్ళు పూల మోపుల మీద తడిగుడ్డలు కప్పి, ఆయన చేతిలో విస్తరి పెట్టారు. మాకూ వడ్డించారు. కిచిడి, పచ్చిపులుసు. పొగవాసన పట్టిన ఆ పచ్చిపులుసు రుచి మళ్ళీ ఇంట్లో ఎంత ప్రయత్నించినా రావడం లేదు.

తిన్నాక వదినె బండి దించమంది. ఖాజా తాళ్ళు విప్పాడు. అటు ఎడ్లబండ్లు, ఇటు ఎడ్లబండ్లు, మధ్యలో కొత్తగా పోసిన డాంబరు రోడ్డు, దాని మీద పురుగు కూడా లేదు. పెడలు మీద చేయి వేసింది. బండి నూనె మీద పోయినట్టు పోయింది.

చింతచెట్టు కింద ఒక పోలీసాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. “పెద్దమ్మా, లైసెన్సున్నదా?” అన్నాడు.

“తెలంగాణ అచ్చినంక తీసుకుంట కొడుకా.”

ఆయన నవ్వుతూ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వదినె ఆ చివరిదాకా పోయి, మళ్ళీ వచ్చి, మళ్ళీ పోయింది. నడిరోడ్డు మీద పోవడం ఆమెకు అదే మొదలు. ఎప్పుడూ అంచున, మట్టిలో, లారీలు హారన్ కొడుతుంటే ఒదిగి ఒదిగి పోయే బండి అది. చెమటలు కారుతూ నా దగ్గరికి వచ్చి ఆగింది.

“లచ్చవ్వా, ఇన్నొద్దులు నా కాళ్ళదనుకున్న, నా బండిదనుకున్న. గీ తప్పు నేలది.”

వేములవాడకు చేరేసరికి వీధుల్లో వాడిన పూలు కనబడ్డాయి. అక్కడ ఏడో రోజుకే సద్దుల బతుకమ్మ అయిపోతుంది, మాకు తొమ్మిదో రోజు. పక్కపక్క ఊళ్ళకే ఇంత తేడా ఉంటే, ఆటను కొంచెం మారిస్తే ఏం మునిగిందని ఆ పూలు చూసి నాకనిపించింది.

సిరిసిల్ల: సాంచాలు ఆగిన సాయంత్రం

పద్మ ఉండే వాడలో ఇంటింటికీ మరమగ్గాలు. వాటిని అక్కడ సాంచాలంటారు. ఆ చప్పుడుకు ఎవరైనా సరే అరిచే మాట్లాడతారు. అల్లుడు సాంచాల మీద పని చేస్తాడు, పాపం ఇంటికొచ్చాక కూడా “బువ్వ తిన్నరా అత్తా” అని కేక పెట్టే అడుగుతాడు.

పక్కింట్లో లలితమ్మ అని, రాట్నం మీద కండెలు చుడుతుంది. కండె అంటే నూలు చుట్టిన చిన్న పుల్ల, మగ్గంలోని నాడెలో పెడతారు. ఒక చేయి రాట్నం తిప్పుతూనే ఉంటుంది, రెండో చేయి దారం పడుతుంది. ఆ మనిషి మాతో మాట్లాడుతూ కూడా చేతులు ఆపలేదు. వదినె కోరుట్ల సంగతి చెబుతుంటే విని, లేచి వచ్చి బండిని అటూ ఇటూ చూసింది.

“అత్తమ్మా, నీ ఎడమ చెయ్యి ఏం పని జేస్తది?”

“మలుపుతది.”

“బతుకమ్మ కాడ ఏం మలుపుడు? తిరిగేది గుండ్రంగనే గద. ఒక్కదిక్కు మలిపి కట్టేస్తె అదే తిరుగుతది. గా చెయ్యి ఖాళీ.”

నేనూ వదినె ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళు ఆ బండితో కాపురం చేసిన వాళ్ళం మేము.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం లలితమ్మ తెగిన నూలు పేనిన తాడు తెచ్చి హ్యాండిలును కట్టింది. మొదటిసారి మరీ ఎక్కువ మలిపి కట్టేసింది. వదినె పెడలు తిప్పితే బండి ఉన్నచోటే గిరగిరా తిరిగింది. “నన్ను రాట్నం జేసినవ్ గదనే, ఆపు ఆపు” అని వదినె నవ్వుతోంది, ఆపాల్సింది తనే అని మరిచిపోయి. మళ్ళీ విప్పి సర్దారు. నాలుగు రోడ్లు కలిసే చోటికి తీసుకుపోయారు. బందుకు అక్కడ బండ్లు లేవు, నేలంతా డాంబరు. వదినె నెమ్మదిగా తిప్పుతుంటే లలితమ్మ చక్రం వెంట ముగ్గుపిండి పోసుకుంటూ నడిచింది. పెద్ద గుండ్రటి గీత పడింది.

“గిదీ మన గిరి” అంది లలితమ్మ. “బతుకమ్మలు దీని నడుమ పెట్టున్రి. మనం దీని మీద తిరుగుదాం.”

నాకు అప్పుడు గాని తెలియలేదు. మిగతా రెండుచోట్లా మేం గీసుకున్న గిరిలో ఆమెను ఇరికించాలని చూశాం. ఇక్కడ ఆమె బండి గిరి గీసింది, మేం వెళ్ళి అందులో నిలబడ్డాం.

ఆడవాళ్ళు బతుకమ్మలు తెచ్చి పెట్టారు. మైకు వేద్దామనేసరికి కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దానికి కాకులు కూడా బెదిరాయి. ఈ రోజుల్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వయసు పిల్లలకు క్యాసెట్టు లేకుండా పాట రాదు, రెండో వరుస దగ్గరే ఆగిపోతున్నారు.

“అవ్వా, నువ్వెత్తుకో” అంది పద్మ.

మా వాడకట్టులో భర్త లేని మనిషి పాట ఎత్తుకోదు. వద్దని ఎవరూ అనరు, తనే వెనక నిలబడుతుంది. పదకొండేళ్ళుగా నేను వెనక వరుసలోనే ఉన్నాను. అదే చెప్పాను, మెల్లగా.

లలితమ్మ నా వైపు తిరిగింది. అప్పుడు చూశాను, ఆమె నుదురూ నా నుదుటి లాగే బోసిగా ఉంది. “గీ వాడల ఆ లెక్క పెడితె పాట ఎత్తుకునేటోళ్ళే దొరకరు పెద్దమ్మా” అంది.

ఎత్తుకున్నాను. ఏం పాడాలో తోచలేదు, కళ్ళ ముందున్నదే పాడాను.

“మూడు గీరల బండి ఉయ్యాలో
ముందుగా పోనియ్యి ఉయ్యాలో”

ఉయ్యాలో అన్నచోట వంగి చప్పట్లు కొట్టి అడుగు వేయాలి. వదినె పక్కన పద్మ నడుస్తోంది. కుడిచేత్తో వదినె పెడలు తిప్పింది, ఎడమచేయి చాచి పద్మ అరచేతి మీద కొట్టింది. రెండుసార్లు గురి తప్పి ముంజేతికి తగిలింది. మూడోసారి చప్పుడు వచ్చింది. అయినా పాట ముందు పోతోంది, బండి వెనకబడుతోంది. నేను ఆమె వెనుకచక్రం మీద చూపు పెట్టాను. చక్రం ఒక చుట్టు తిరిగేదాకా ఉయ్యాలోను వదలకుండా సాగదీశాను. నా గొంతు అంతసేపు ఆగేది కాదు, నడుమనే బొంగురుపోయి తెగింది. తెగినచోట మిగతావాళ్ళు అందుకున్నారు. అట్లా ప్రతి వరుసకూ నా గొంతు ఆగడం, వాళ్ళు పట్టడం, చక్రం తిరగడం, అందరం కలిసి అడుగు వేయడం. మా అమ్మమ్మల కాలంలో ఇంత నెమ్మదిగానే ఆడేవారని ఒక ముసలామె అంది.

ఎన్ని చుట్లు తిరిగామో తెలియదు. ముగ్గు గీత మా కాళ్ళ కింద చెరిగిపోయింది, అయినా ఎవరూ దారి తప్పలేదు.

ఆట ఆగాక నీళ్ళ చెంబు తీసుకుని వదినె దగ్గరికి పోయాను. మొహమంతా చెమట. నీళ్ళు తాగి, “చెయ్యి నొస్తున్నది లచ్చవ్వా” అంది.

ఇంతసేపు పెడలు తిప్పింది కదా అని కుడిచేయి పట్టుకున్నాను.

“గది గాదు. ఎడమది” అంది. అరచేయి తెరిచి చూపించింది. ఎర్రగా కందిపోయింది. ఆ చేతిని ఆమె చాలాసేపు మూయలేదు.

మానేరు కట్ట

అన్నీ కుదిరాయని చెబితే అబద్ధమవుతుంది. బతుకమ్మలను మానేరు వాగులో వదలడానికి పోయాం. కట్ట మీద దాకా రోడ్డు ఉంది, అక్కడి నుంచి నీళ్ళ దాకా మెట్లు. ఎత్తుకుని దింపుతామని నలుగురు ముందుకు వచ్చారు. వదినె వద్దంది. ఎత్తుకోవడం ఆమెకు మొదటినుంచీ ఇష్టం లేదు. పైనే ఉండి, పద్మ పేర్చిన బతుకమ్మను నా చేతిలో పెట్టింది.

“మెట్లకు ఏం తాడు కడుతవే లలితమ్మా?” అని పైనుంచి అడిగింది.

“అచ్చే ఏటికల్ల ఏదన్న ఆలోచన జేస్త అత్తమ్మా” అని కిందినుంచి జవాబు వచ్చింది.

తెల్లారి దసరా. నేను లేచేసరికి వదినె వాకిట్లో బంతిపూలు ముందేసుకుని గుమ్మానికి దండ గుచ్చుతోంది. “పందెం నీదే” అంది, తల ఎత్తకుండా. ఆ మధ్యాహ్నమే సిరిసిల్లలో ఉండిపోతానంది. లలితమ్మ కండెలు చుట్టడం నేర్పుతుందట, ఈమె పూలు పేర్చడం నేర్పుతుందట. కూర్చుని చేసే పని, బీడీ పొగాకు లేని పని. ఆడించడానికి తీసుకొచ్చి, అక్కడే వదిలి రావాల్సి వచ్చింది.

వాడకట్టుకు తిరిగొచ్చాక

ధర్నా శిబిరం ముందర మళ్ళీ బతుకమ్మ ఆడతారట, తెలంగాణ వచ్చేదాకా పండుగ కాని రోజుల్లో కూడా ఆడతారట. శుక్రవారం మా ఆడవాళ్ళ సంఘం మీటింగు. నర్సవ్వను పిలుద్దామని నేను ఒకరిద్దరితో అన్నాను. కమిటీ ఆమె ఎంతో సంబరపడి, “ఈసారి బ్యానరు ఇంకింత పెద్దగ కొట్టిస్తం పెద్దమ్మా” అంది. ఇంకొకామె, “అంత నిదానంగ ఆడితె పిల్లలు ఇసిగిపోతరు” అంది. మూడో ఆమె, బండి ఎంత దూరంలో మలుగుతుందని అడిగింది. నాకు ఆ మూడో ఆమె మీదే ఆశ.

బ్యానరు వద్దు. కుర్చీ వద్దు. సాంపి చల్లకండి, డాంబరు మీద ఆడదాం. ముందు ఆమె బండితో గిరి గీయించి, తర్వాత బతుకమ్మలు పెడదాం. మైకు ఆపి నోటితో పాడదాం, నా గొంతు తెగినచోట మీరు అందుకోండి. చూపులేని ఆ అక్కాచెల్లెళ్ళను కూడా పిలిచి, వాళ్ళకు ఏం కావాలో వాళ్ళనే అడుగుదాం. మనకు తోచింది చేయొద్దు, మనకు తోచింది చేసే ఆమెను కోరుట్లలో సాంపిలో ముంచాం. ఇవన్నీ నేను శుక్రవారం నిలబడి చెప్పాలి. మీటింగులో లేస్తే నాకు మాట తడబడుతుంది. అందుకే ఇదంతా నోటికి రావాలి.

సుజాతా, ఇగ కలం పక్కకు పెట్టి మొదటినుంచి సదువు బిడ్డ. మెల్లగ సదువు. ఏడనన్న ఇంటుంటె అయ్యో పాపం అనిపించిందనుకో, ఆన్నే ఆగి చెప్పు, గా ముక్క కొట్టేద్దాం.